షాద్‌నగర్ నుంచి సింగ్‌నగర్‌కు ఎంత దూరం?

విజయవాడ వాసులారా, బుడమేరు, కృష్ణా తీరాల ప్రజలారా!

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచేశాయి. జనం మేడలెక్కి ఎదురుచూశారు. ఆ వారంలో నా ఫోనుకొక ముంపు పటం వచ్చింది. సిగ్నలు ఒక్క గీత. అది తెరుచుకునేసరికి బ్యాటరీ సగమైంది. చూస్తే జిల్లా మొత్తం పటం, పేర్లన్నీ ఇంగ్లీషులో. "మన వీధేదిరా?" అంది అమ్మ. వేలు పెట్టి చూపలేకపోయాను.

లోపం ఆకాశంలో లేదు. రాడార్ ఉపగ్రహానికి మబ్బూ చీకటీ అడ్డు కావు. నిశ్చలమైన నీటి మీద పడ్డ తరంగం పక్కకు జారిపోతుంది కాబట్టి వరద నల్లగా కనిపిస్తుంది. 2022లో ఎగిరిన ఈఓఎస్-04, 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ అలాంటివే. హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్‌లో వాటి సంకేతాలు అందుకునే యాంటెనాలున్నాయి. ఉపగ్రహం ఒక కేంద్రానికి కనిపించేది మహా అయితే పది, పదిహేను నిమిషాలు. ఆలోపే చిత్రాలు కిందికి దిగాలి. దిగాక సరిదిద్దాలి, పాత చిత్రంతో పోల్చాలి, పటం గీయాలి. అంత బరువైన చిత్రంలో మనకు కావలసింది మాత్రం నీటి అంచు, ఒక్క గీత!

అందుకే మనం అడగాల్సింది ఇది. పోలిక పని యంత్రమే చేయాలి, వీలైతే ఉపగ్రహంలోనే. ఐరోపా 2020లో పంపిన ఫైశాట్-1 ఉపగ్రహం మబ్బు పట్టిన చిత్రాలను కక్ష్యలోనే గుర్తించి పక్కనపెట్టగలదని చూపింది. వరద వేళ ముందు నీటి అంచునే పంపాలి, పూర్తి చిత్రం తర్వాత రావచ్చు. ఆ అంచును వార్డులవారీగా, గ్రామాలవారీగా కత్తిరించి, వీధుల పేర్లు తెలుగులో రాసి, మామూలు ఫోనులో తెరుచుకునేంత చిన్న ఫైలుగా వార్డు, గ్రామ సచివాలయాలకు చేర్చాలి. చిత్రం దిగాక ఎన్ని గంటల్లో చేరాలో ప్రభుత్వ ఉత్తర్వులోనే రాయాలి. 5 మీటర్లు, అంతకన్నా మోటు చిత్రాలు ఉచితంగా అందాలని 2023 భారత అంతరిక్ష విధానమే చెబుతోంది. సర్వర్లో పెట్టి ఊరుకుంటే మునిగిన వీధికి అందినట్టు కాదు.

ఒక సంగతి దాచకూడదు. ఇళ్ల మధ్య నిలిచిన నీరు రాడార్‌కు సులువుగా చిక్కదు. గోడకు తగిలి వెనక్కొచ్చిన తరంగం అక్కడ నలుపుకు బదులు మెరుపు చూపిస్తుంది. కాబట్టి వీధిలో నిలబడి చూసినవారి మాట పటంలో కలవాలి.

వచ్చే వానాకాలానికి ముందే వార్డు సభలో, గ్రామసభలో ఈ కోరికలను తీర్మానంగా రాయించండి. దాని కింద, 2024లో నీరు మీ ఇంటి ఏ మెట్టుదాకా వచ్చిందో కూడా రాయండి. పటం సరిచూడటానికి ఆ కొలత కావాలి.