నడిసముద్రంలో బోరు

“మా పెద్దవాడికి సముద్రం మీద రిగ్గులో ఉద్యోగం వచ్చిందండీ. జీతం బాగానే ఉంది. పద్నాలుగు రోజులు అక్కడ, పద్నాలుగు రోజులు ఇంట్లో ఉండొచ్చట. వాడు సంబరపడుతున్నాడు, నాకేమో కాళ్లూ చేతులూ ఆడటం లేదు. నీళ్లలో నిలబడి బావి ఎలా తవ్వుతారు? పంపమంటారా, వద్దంటారా?” అని కోనసీమ నుంచి ఒక తల్లి రాశారు.

పంపమనడానికీ వద్దనడానికీ నేనెవర్ని చెప్పండి? అయితే తెలియని దాని మీద భయం రెండింతలుంటుంది. తెలుసుకుంటే ఎక్కడ భయపడాలో, ఎక్కడ అక్కర్లేదో మనకే అర్థమవుతుంది. అందుకని ఈ వారం చిట్కాలు కాస్త పక్కన పెట్టి, నడిసముద్రం దాకా వెళ్లొద్దాం రండి.

చెరువు కాదు, నానిన ఇడ్లీ

భూమి లోపల చమురు చెరువులా నిలవ ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. సాంబారులో నానిన ఇడ్లీని గుర్తు తెచ్చుకోండి. ఇడ్లీలోని సన్న సన్న రంధ్రాల్లో సాంబారు ఎలా ఇంకి ఉంటుందో, రాతిపొరల రంధ్రాల్లో చమురు, గ్యాసు అలా ఇంకి ఉంటాయి. పైన గట్టి రాతిపొర ఒకటి మూతలా బిగుసుకుని ఉండటం వల్ల అవి పైకి పోకుండా ఆగిపోతాయి.

ఆ మూత ఎక్కడుందో ముందు కనిపెట్టాలి కదా! ఓడ వెనకాల పొడవాటి కేబుళ్లు కట్టి లాగుతూ, గాలి తుపాకులతో నీళ్లలో శబ్దం పుట్టిస్తారు. అది అడుగున రాతిపొరలకు తగిలి తిరిగొస్తుంది. ఆ ప్రతిధ్వనులను కంప్యూటర్లతో లెక్కగట్టి పొరల చిత్రం గీస్తారు. ఎంత చక్కగా గీసినా అది అంచనాయే. నిజం తేలేది బోరు వేశాకే. ముంబయికి పడమరగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో 1974లో అలా తేలినదే బాంబే హై. అక్కడ బోరు వేసిన రిగ్గు పేరు ‘సాగర్ సామ్రాట్’. 1976 నుంచి అక్కడ చమురు తీస్తున్నారు. అక్కడి గ్యాసులోంచి ఉరాన్‌లో వంటగ్యాసును వేరు చేస్తారు. అంటే మన పొయ్యికీ ఆ సముద్రానికీ చుట్టరికం ఉన్నట్టే!

మన తూర్పు తీరంలోనూ తక్కువేం లేదు. కోనసీమ తీరాన రవ్వ క్షేత్రం ఉంది. దాని తీరకేంద్రం సూరసాని యానాంలో ఉంది. కాకినాడ తీరానికి ఎదురుగా లోతు సముద్రంలో, కేజీ-డి6లో 2009లో గ్యాసు తీయడం మొదలైంది. ఓఎన్‌జీసీ వారి లోతునీటి క్షేత్రం నుంచి 2024 జనవరిలో మొదటి చమురు వచ్చింది.

రిగ్గు వేరు, ప్లాట్‌ఫారం వేరు

మన ఊళ్లో బోరు లారీ వస్తుంది, బోరు వేస్తుంది, వెళ్లిపోతుంది. తర్వాత అక్కడ మిగిలేది పంపుసెట్టు. సముద్రంలోనూ అంతే. బోరు వేసి మరో చోటికి కదిలిపోయేది రిగ్గు. ఏళ్ల తరబడి నిలబడి చమురు తీసేది ప్లాట్‌ఫారం.

రిగ్గుల్లో ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది జాకప్. ఇది కాళ్లున్న పడవ అనుకోండి. సాధారణంగా మూడు కాళ్లుంటాయి. వాటిని పైకెత్తి ఉంచి టగ్గులు లాక్కొస్తాయి. చోటు చేరాక కాళ్లు అడుగుకి దింపి, వాటి మీద పడవ మొత్తాన్ని అలల కంటే ఎత్తుకి లేపుతారు. సాగర్ సామ్రాట్ ఈ రకమే. దాదాపు 120 మీటర్ల లోతు వరకే ఇవి పనికొస్తాయి.

అంతకంటే లోతైతే కాళ్లందవు. అప్పుడు సెమీ సబ్‌మెర్సిబుల్ కావాలి. దీని అడుగున పెద్ద పెద్ద బోలు తొట్లుంటాయి. వాటిలోకి నీళ్లు నింపితే సగం మునిగి నిలకడగా తేలుతుంది. అలలు పైపైనే కదా ఎగిరేది! బరువంతా వాటి కిందుగా ఉంటే ఊపు తగ్గుతుంది.

మూడోది డ్రిల్‌షిప్. ఇది అచ్చంగా ఓడే. కాకపోతే మధ్యలో పెద్ద రంధ్రం, దాని మీద ఇనుప గోపురం ఉంటాయి. ఉపగ్రహాల సాయంతో కంప్యూటరు చుక్కాని పట్టి, చుట్టూ ఉన్న పంకాలను తిప్పుతూ ఓడను ఆ బోరు మీదే నిలబెడుతుంది. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న నీళ్లలోనూ ఇది పనిచేయగలదు.

అసలు కీలకం బురదలో ఉంది

బోరు కొట్టే పళ్ల చక్రాన్ని ‘బిట్’ అంటారు. దానికి ఒక్కొక్కటి దాదాపు 30 అడుగులుండే గొట్టాలు తగిలిస్తూ తిప్పుతారు. కొంత దిగాక ఇనుప కేసింగ్ దించి, దాని చుట్టూ సిమెంటు పోసి బిగిస్తారు. ఆ లోపల మరి కాస్త సన్నటి బోరు, మరి కాస్త సన్నటి కేసింగ్. ఒకదాంట్లో ఒకటి ఇమిడే గిన్నెల సెట్టు లాగా అన్నమాట.

ఇక బురద సంగతి. ఇది మామూలు బురద కాదు. గొట్టం లోపలి నుంచి కిందికి పంపితే, బిట్ రంధ్రాల్లోంచి చిమ్మి, దాన్ని చల్లబరిచి, రాతి పొడిని మోసుకుంటూ బోరు గోడల పక్కగా పైకొస్తుంది. పైన జల్లెడ పట్టి పొడి తీసేసి మళ్లీ కిందికే పంపుతారు. అన్నిటికంటే పెద్ద పని ఇంకొకటుంది. అడుగున గ్యాసు పైకి తన్నకుండా తన బరువుతో అదిమి పట్టడం. ప్రెషర్ కుక్కరు మీద వెయిట్ ఎలాగో, బోరుకి ఈ బురద అలాగ. బరువు కోసం దాంట్లో ముగ్గురాయి పొడి కలుపుతారు. ఆ రాయి నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. దానికి పేరెన్నికగన్న గనులు మన రాయలసీమలోని మంగంపేటలోనే ఉన్నాయి!

వెయిట్ పనిచేయకపోతే కుక్కరుకి సేఫ్టీ వాల్వు ఉన్నట్టు, బోరు నోటికి ‘బ్లో అవుట్ ప్రివెంటర్’ ఉంటుంది. టన్నుల కొద్దీ బరువుండే వాల్వుల దొంతర అది. గ్యాసు తన్నుకొస్తే బోరు నోరు మూసేస్తుంది. మరీ తప్పనిసరైతే గొట్టాన్ని కత్తిరించి మరీ మూస్తుంది. గ్యాసు లోపలికి చొరబడుతున్న సంగతి ముందుగానే తెలుస్తుంది. పంపిన బురద కంటే తిరిగొచ్చేది ఎక్కువైతే అదే గుర్తు. ఆ గుర్తును పట్టుకునే మనిషి కునుకు తీయకూడదు.

తేలిగ్గా తీసుకుంటే

కోనసీమ వారికి పాశర్లపూడి వేరే చెప్పాలా? 1995 జనవరిలో అంటుకున్న ఆ బావి 65 రోజులు మండింది. అది నేల మీది బోరు. సముద్రంలో అయితే పారిపోవడానికి పొలం గట్టు కూడా ఉండదు.

2010 ఏప్రిల్‌లో అమెరికా వైపు మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. అడుగున పోసిన సిమెంటు గ్యాసును ఆపలేదు. పరీక్షలో తేడా కనబడినా సరిగా అర్థం చేసుకోలేదు. చివరి రక్ష అనుకున్న ప్రివెంటరూ బావిని మూయలేకపోయింది. 87 రోజులు చమురు సముద్రంలోకి కారింది.

బాంబే హైలో 2005 జూలై 27న జరిగినది వింటే మనసు చివుక్కుమంటుంది. ఒక సహాయక ఓడలో వంటమనిషికి వేళ్లు తెగాయి. వానాకాలం, హెలికాప్టరు ఎగరలేదు. వైద్యం కోసం అతన్ని ప్లాట్‌ఫారం మీదికి చేర్చడానికి ఓడను దగ్గరికి తెచ్చారు. అలల ఊపులో ఓడ వెళ్లి గ్యాసు గొట్టానికి తగిలింది. మంటలు లేచాయి. సుమారు రెండు గంటల్లో ప్లాట్‌ఫారం కూలిపోయింది. 384 మందిలో 362 మందిని కాపాడారు. 22 మంది ఇక ఇంటికి రాలేదు. మేలు చేయబోయిన చోటే అంత కీడు జరిగింది. గ్యాసు గొట్టానికి ఓడ తగలకుండా గట్టి అడ్డు ఒకటి ఉండి ఉంటే?

బయల్దేరే ముందు

అయితే రిగ్గు మీద బతుకంతా గండమేనని కాదు. పన్నెండు గంటల డ్యూటీ, వేళకి భోజనం, దుస్తులు ఉతికిపెట్టేవాళ్లు, డాక్టరు లేదా వైద్య సహాయకుడు ఉంటారు. మద్యం, అగ్గిపెట్టె నిషిద్ధం. కష్టమల్లా ఇంటికి దూరమే. పండగా పబ్బమూ అక్కడే గడిచిపోవచ్చు. పెళ్లయిన వారైతే భార్య పద్నాలుగు రోజులు ఇల్లంతా ఒక్కతే మోయాలి. బ్యాంకు, ఆస్పత్రి పనులు ఆమె చేతి కింద ఉండేలా ముందే ఏర్పాటు చేసుకోండి.

అబ్బాయిని కూర్చోబెట్టి ఈ నాలుగూ అడగండి. ఒకటి, ప్రాణరక్షణ శిక్షణ అయిందా? హెలికాప్టరు నీళ్లలో తలకిందులైతే బయటపడటం కూడా నేర్పుతారు. అది లేకుండా కదలొద్దు. రెండు, నియామక పత్రం అసలు కంపెనీదా, కాంట్రాక్టరుదా? బీమా ఎవరిది, ఎంత, నామినీ ఎవరు? ఆ కాగితాల నకలు ఇంట్లో ఉంచుకోండి. మూడు, అత్యవసరంలో ఇంటివాళ్లు ఫోను చేయాల్సిన నంబరేది? నాలుగు, విదేశీ రిగ్గయితే, పంపే ఏజెంటు ప్రభుత్వ ఈ-మైగ్రేట్‌లో నమోదయ్యాడా? నమోదు నంబరు చూపించని వాడి చేతిలో పైసా పెట్టొద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒక మాట. మంచి రిగ్గుల్లో ‘ఇది ప్రమాదంలా ఉంది, పని ఆపండి’ అనే హక్కు కొత్తగా చేరిన కుర్రాడికి కూడా ఉంటుంది. మొహమాటపడకుండా ఆ మాట అనమని చెప్పి పంపండి. పెద్దాఫీసరు ఏమనుకుంటాడోనని నోరు మూసుకోవడం కంటే, ఓ పూట చీవాట్లు తినడం నయం. ఆ ధైర్యం నూరిపోయడానికి తల్లికంటే మంచి గురువు ఎవరుంటారు చెప్పండి!