సంచి విప్పేది ఎవరు?



బడి నుండి మీ ఇళ్లకు పంపే ఆరోగ్య సంచి మీకు పరిచయమైనదే. గెంతే తాడు, కొన్ని బెండ గింజలు, గీతలు గీసిన కాగితపు పళ్లెం, చేసిన పనులకు గుర్తు పెట్టవలసిన పట్టిక అందులో ఉంటాయి. ఆలోచన మంచిదే. దానిని మనం వాడుతున్న తీరే సరిగా లేదని నా అభిప్రాయం.

శుక్రవారం ఇల్లు చేరిన సంచిని ఆదివారం రాత్రి వరకు ఎవరూ ముట్టరు. అప్పుడు అమ్మ హడావిడిగా గడులన్నింటిలో గుర్తులు పెట్టి సంతకం చేస్తుంది. సోమవారం నాకు అందే పట్టికలలో ఖాళీ గడి ఒక్కటీ ఉండదు, తాడుకు వేసిన ముడి మాత్రం అలాగే ఉంటుంది! (మా అబ్బాయి పట్టికపై నేనూ ఒకసారి ఇలాగే సంతకం చేశాను.)

ఇది తేలికగా తీసుకోదగిన విషయం కాదు. 2023 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం మలేషియాలోని పెద్దలలో సగానికి పైగా అధిక బరువుతో ఉన్నారు, సుమారు ఆరుగురిలో ఒకరికి మధుమేహం ఉంది. తాతయ్య మాత్రల డబ్బా ఎక్కడ ఉంటుందో మీలో చాలామందికి తెలుసు.

ఆ కాగితపు పళ్లెమే చూడండి. ఆరోగ్య మంత్రిత్వ శాఖ చెప్పే 'సుకు-సుకు-సెపారుహ్' అంటే పావు, పావు, సగం. అన్నానికి పావు, చేప, మాంసం, గుడ్డు లేదా పప్పుకు పావు, కూరగాయలకు, పండ్లకు సగం. సూచనలన్నీ మలయ్, ఆంగ్ల భాషలలో ఉన్నాయి. వడ్డించేది మాత్రం నాయనమ్మ. "ఇంకొంచెం వేసుకో నాన్నా" అనే ఆమె ప్రేమకు పట్టిక ఏమి జవాబు చెప్పగలదు? ఆ కాగితాన్ని మీరే ఆమె పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించాలి. పెరటి ములగాకు, తోటకూర పప్పు ఆమెకు కొత్త కాదు. రోజుకు మూడుసార్లు తాగే తే తారిక్‌లోని తీపి పాలే మన ఇళ్లకు తరువాత వచ్చి చేరాయి. కాగితంలో తప్పులుంటే ఆమె దిద్దుతుంది కూడా.

రాత్రి షిఫ్టుకు వెళ్లే నాన్నలున్న ఇళ్లలో సాయంత్రపు నడక కుదరదు. అది వారి తప్పు కాదు. అటువంటి గడిని ఖాళీగా వదిలి, బదులుగా ఏమి చేశారో రాయమనడమే నిజాయితీ.

కాబట్టి వచ్చే సంచిలో పట్టికకు బదులు ఒక తెల్ల కాగితం ఉంటుంది. ఇంట్లో పెద్దవారు చెప్పిన ఒక్క మాటను తెలుగులో రాసి తెండి. తాడు మట్టి అంటుకుని వచ్చినా సరే, నేను మార్కులు తగ్గించను.