ముసురు పడితే మూలకు కుంచె

* ఈశాన్య వానల మూడు నెలలు రంగుల కార్మికులకు గడ్డుకాలం
* ఇంటి లోపలి పనులకు వేసవిలోనే ఒప్పందాలు మేలు
* సెస్సు నిధి నుంచి వానకాలపు భృతికి అవకాశం

నాయుడుపేట: సంక్రాంతి ముందు వారం రోజులు రంగులు వేసే మనిషి దొరకడం గగనం. ఇంటి యజమానులే మేస్త్రీల చుట్టూ తిరుగుతారు. అంతకు నెలన్నర ముందు, కార్తీకంలో పరిస్థితి పూర్తిగా భిన్నం. అదే కార్మికుడు బకెట్టు, కుంచెలు సైకిలుకు తగిలించుకుని, ఎవరైనా పిలుస్తారేమోనని టీ దుకాణం పంచన నిలబడుతున్నాడు. మధ్యాహ్నానికి ఉత్త చేతులతో ఇంటిముఖం పడుతున్నాడు. వెల్ల వేయడం, గోడల పాచి కడగడం, బయటి గోడలకు రంగులు వేయడం వృత్తిగా బతుకుతున్న వారికి ఏటా ఇదే తంతు.

తడి గోడపై రంగు నిలవదు

రాష్ట్రంలోని అధిక ప్రాంతాలకు జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసే నైరుతి వానలే ఆధారం. నెల్లూరు తీరం తీరు వేరు. 2022 ఏప్రిల్ 4న నాయుడుపేట తిరుపతి జిల్లాలో చేరినా వాతావరణం మాత్రం నెల్లూరు తీరానిదే. ఇక్కడ ఏడాది వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. 2015, 2021 సంవత్సరాల నవంబరు వరదలు, 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుపాను ఈ కాలంలో వచ్చినవే.

ఈ మూడు నెలలు కలిపి 92 రోజులు. అన్ని రోజులూ వాన పడదు. అయితే వాన వెలిసిన మరునాడే బయటి గోడకు పని మొదలుపెట్టడం కుదరదు. గోడ పీల్చుకున్న నీరు ఆరడానికి రోజులు పడుతుంది. చెమ్మ ఉండగా పుట్టీ పెడితే పెచ్చులుగా ఊడుతుంది, ఎమల్షన్ వేస్తే బుడగలు లేస్తాయి. సున్నం ఆరకముందే జల్లు పడితే కారిపోతుంది. తడిసిన పరంజాపై కాలు జారితే ప్రాణానికే ముప్పు. అందువల్ల రెండు రోజుల వాన వారం రోజుల పనిని మింగేస్తోంది.

వానలో తడిసి నల్లబడిన గోడలే జనవరిలో మళ్లీ పనిని పుట్టిస్తున్నాయి. పండుగ, ఆపై మాఘ, ఫాల్గుణ మాసాల పెళ్లిళ్లు, వేసవి.. ఇవన్నీ పని రోజులే. అంటే ఈ వృత్తికి గిరాకీ లేదనడానికి వీల్లేదు. గిరాకీ అంతా కొన్ని నెలల్లోనే కుప్పపడటం అసలు చిక్కు.

పండుగ కూలి ముందే ఖర్చు

పని లేని కాలంలోనూ అద్దె, పిల్లల ఫీజు, బియ్యం ఖర్చు ఆగవు. చాలామంది మేస్త్రీ వద్ద అడ్వాన్సు తీసుకుంటారు. సంక్రాంతి పనుల్లో దానిని తీర్చాలి. మార్కెట్టులో కూలి పెరిగినా అడ్వాన్సు తీసుకున్న వాడు ఆ మేస్త్రీని విడిచి వెళ్లలేడు, రేటు అడగలేడు. నాలుగు డబ్బులు వెనకేసుకోవలసిన నెలలో పాత బాకీ తీర్చడంతోనే సరిపోతోంది. మేస్త్రీ పరిస్థితీ అంత మెరుగ్గా లేదు. మనుషులను నిలుపుకోవాలంటే అతడూ వడ్డీకి తేవలసిందే. వానకాలపు ఖాళీ వల్ల కలిగే నష్టం ఆ మూడు నెలలతోనే ముగియడం లేదు.

నాలుగు గోడల మధ్య పని

బయట వాన పడుతున్నా ఇంటి లోపల చేయదగిన పనులు లేకపోలేదు. పైకప్పు లోపలి భాగం, గదుల మధ్య గోడలు, తలుపులు, కిటికీలకు ఉప్పుకాగితం పట్టి పాలిష్ చేయడం, నీటి ట్యాంకుల శుభ్రత, షెడ్డు కింద గ్రిల్లులకు రంగు వేయడం ఇందులో కొన్ని. అయితే బయటి వైపు వాన కొట్టే గోడ లోపలి ముఖాన్ని మాత్రం ముట్టుకోరాదు. దాని పని జనవరికి ఉంచుకోవడమే మంచిది.

మిద్దె కారడం మరో అవకాశం. నీరు ఎక్కడ దిగుతోందో కనిపించేది వాన పడినప్పుడే. ఆ మరమ్మతు చేయవలసింది మిద్దె ఆరిన తరువాత. కాబట్టి నవంబరులో ఇల్లిల్లూ తిరిగి కారే చోట్లు గుర్తించి, అంచనా వేసి, కొంత అడ్వాన్సుతో జనవరి పనికి మాట తీసుకునే మేస్త్రీకి ఖాళీ కాలం వృథా కాదు. అప్పు చేసి తెచ్చే అడ్వాన్సుకు బదులు, యజమాని ఇచ్చే అడ్వాన్సు చేతికొస్తుంది.

మేనకూరు ప్రత్యేక ఆర్థిక మండలి పట్టణానికి చేరువలోనే ఉంది. తడ వైపు శ్రీసిటీ ఉంది. కర్మాగారాల షెడ్ల లోపలి పనులకు వానతో నిమిత్తం లేదు. అయితే అక్కడ పని గుత్తేదారుల ద్వారా నడుస్తుంది. భద్రతా నియమాలు తెలిసిన వారికే ప్రాధాన్యం. 1998లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ రంగుల పనిలోనూ శిక్షణ ఇస్తూ వచ్చింది. ఇటువంటి శిక్షణను పని లేని నవంబరులోనే స్థానికంగా ఏర్పాటు చేస్తే హాజరయ్యేవారికి కూలి నష్టం ఉండదు.

వద్దనాల్సిన పని ఒకటి

ఖాళీగా ఉన్న వారికి సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయమని పిలుపు వస్తుంటుంది. రోజు కూలికి రెండింతలు ఇస్తామన్నా వెళ్లరాదు. మూసి ఉన్న తొట్టిలోని విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ సాధనాలు లేకుండా మనుషులను అందులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఇటువంటి మరణాలకు పరిహారాన్ని రూ.10 లక్షల నుంచి రూ.30 లక్షలకు పెంచాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అవసరంలో ఉన్న మనిషి ఎంతటి ప్రమాదానికైనా సిద్ధపడతాడన్న చేదు నిజం ఆ తీర్పు వెనుక ఉంది.

పథకాల జాబితాలో కానరాని పేరు

ప్రభుత్వ పథకాలు ఎన్ని ఉన్నా ఈ వృత్తి వారికి అందేది స్వల్పం. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులకు చోటు దక్కింది. తాపీ మేస్త్రీ అందులో ఉన్నాడు. అతడు కట్టిన గోడకు రంగు వేసేవాడు లేడు. 2005 నాటి ఉపాధి హామీ చట్టమైనా, దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టమైనా గ్రామీణ ప్రాంతాలకే పరిమితం. పట్టణ కూలీకి అది వర్తించదు.

మిగిలింది భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధి. నిర్మాణ వ్యయంపై వసూలు చేసే సెస్సు దీనికి ఆధారం. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, ఏడాదిలో 90 రోజులు పనిచేసిన వారు నమోదుకు అర్హులు. 1996 చట్టంతో వచ్చిన ఈ ఏర్పాటు, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల్లోనూ కొనసాగుతోంది. ప్రమాదం, మరణం, ప్రసూతి వంటి సందర్భాలకు ఉద్దేశించిన ఈ నిధిని పని లేని కాలానికీ వాడవచ్చా అన్నది ప్రశ్న.

వాడిన దాఖలా ఉంది. 2021 నవంబరులో వాయు కాలుష్యం కారణంగా ఢిల్లీలో నిర్మాణాలు నిలిపివేసినప్పుడు, పని కోల్పోయిన వారికి సెస్సు నిధి నుంచి భృతి చెల్లించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్కడి ప్రభుత్వం ఒక్కొక్కరికి రూ.5 వేలు ఇచ్చింది. మన తీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధ కాలానికి మత్స్యకారులకు ఇచ్చే భృతి 2025లో రూ.20 వేలకు పెరిగింది.

అవి ప్రభుత్వమే పని ఆపిన సందర్భాలనీ, వానకు ప్రభుత్వం బాధ్యత వహించదనీ వాదించవచ్చు. దానికి పొరుగు రాష్ట్రమే సమాధానం. ఇవే ఈశాన్య వానల వల్ల పని కోల్పోయే ఉప్పు కయ్యల కార్మికులకు 2022 నుంచి తమిళనాడు ప్రభుత్వం ఏటా రూ.5 వేలు అందించే పథకాన్ని చేపట్టింది. వానను కారణంగా అంగీకరించడానికి అడ్డంకి లేదని దీన్నిబట్టి తేలుతోంది.

ముందుచూపే మందు

చేయదగినవి మూడున్నాయి. కార్మికులు వేసవిలో, పని రోజుల లెక్క చేతిలో ఉండగానే సంక్షేమ నిధిలో పేరు నమోదు చేసుకోవాలి. మేస్త్రీలు ఏప్రిల్‌లో బయటి గోడకు బేరం కుదుర్చుకునేటప్పుడే, కొంత తగ్గింపు ఇచ్చి అయినా, లోపలి పనిని నవంబరుకు రాయించుకోవాలి. ఇక పాఠశాలలు, ప్రభుత్వ కార్యాలయాలు. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడులో పాఠశాలలకు రంగులు వేయడం ఒక అంశం. అటువంటి పనులు మంజూరు చేసేటప్పుడు బయటి గోడలను వేసవికి, తరగతి గదుల లోపలి భాగాన్ని దసరా సెలవులకు కేటాయిస్తే అదనంగా రూపాయి ఖర్చు కాదు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అని పెద్దల మాట. ఏ రోజు కురుస్తుందో తెలియకపోవచ్చు గానీ, ఈ తీరంలో ఏ నెలల్లో కురుస్తుందో కార్మికుడికీ తెలుసు, అధికారికీ తెలుసు. తెలిసిన కష్టానికి ఏటా అప్పుతోనే కాలం వెళ్లదీయవలసి రావడం శోచనీయం. కార్తీకం రాకముందే ఈ దిశగా అడుగు పడాలి.