వోటును వేషమును



పూర్వము మన పల్లెలకు పగటివేషగాండ్రు వచ్చెడివారు. నాటకమునకు తెరయు దీపములును ఉండును గనుక, అది నాటకమని చూచువారికి ముందే తెలియును. పగటివేషమునకు అవేవియు లేవు. పట్టపగలు నిజమైన అధికారివలెనో, సన్న్యాసివలెనో వచ్చి వాకిట నిలువగా, ఇల్లాలు క్షణకాలము నమ్మును, పిమ్మట నవ్వును. “ఎంత సులువుగా నమ్మితిని!” అను సిగ్గు కూడ ఆ నవ్వులో కొంత కలిసియుండును.

ఇట్టి పగటివేషమునే అమెరికావారు చలనచిత్రమున వేసిరి. 1992లో టిమ్ రాబిన్స్ అను నటుడు తానే వ్రాసి, తానే దర్శకుడై, తానే నాయకపాత్ర ధరించి ‘బాబ్ రాబర్ట్స్’ అను చిత్రమును తీసెను. పెన్సిల్వేనియా రాష్ట్రమునుండి సెనేటు సభకు నిలిచిన యొక గాయకుని ఎన్నికల ప్రచారమే అందలి విషయము. అంతయు కల్పితమే, కాని ఒక ఆంగ్లేయుడు ఆ అభ్యర్థి వెంట కెమెరాతో తిరిగి తీసిన వార్తాచిత్రమువలె దానిని చూపిరి. అభ్యర్థి గిటారు మీటుచు పాడును. రాగము తీయగానే యుండును. అర్థము విచారించితిమా, బీదవారిని వెక్కిరించుటయే. జనులు రాగము విని చప్పట్లు కొట్టుదురు. ఎన్నికలు సమీపింపగా అతనిని ఎవరో తుపాకితో కాల్చిరను వార్త పుట్టును. కాళ్లు పడిపోయినవని అతడు చక్రముల కుర్చీలో దర్శనమిచ్చి, గెలుచును. గెలిచిన పిమ్మట, ఆ చచ్చుపడిన పాదమే పాటకు తాళము వేయుచుండగా కెమెరాకు చిక్కును!

ఇది దూరదేశపు ముచ్చటయని తలంపవలదు. మన అనంతపురపు మెట్టసీమకును ఇట్టి చరిత్ర కలదు. హిందూపురము 2022 వరకు అనంతపురము జిల్లాలోనిదే; పిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. రాముడుగను కృష్ణుడుగను తెరపై వెలిగిన నందమూరి తారక రామారావుగారు 1982లో పార్టీ స్థాపించి, ‘చైతన్య రథ’మను వాహనముపై ఊరూర తిరిగి, 1983లో ముఖ్యమంత్రి యయిరి. 1985, 1989, 1994 సంవత్సరములలో హిందూపురము వారు ఆయనను మూడుమార్లు శాసనసభకు పంపిరి. ఆయన అధికారమున నుండగనే, 1987లో, ఎం. ప్రభాకరరెడ్డిగారి దర్శకత్వమున ‘మండలాధీశుడు’ అను చిత్రము వెలువడెను. అందు కోట శ్రీనివాసరావుగారు ఆయన వేషభాషలను అనుకరించి నటించిరి. నటుడు నాయకుడు కాగా, ఆ నాయకుని వేషమును వేరొక నటుడు వేసెను. కొందరు నవ్విరి, కొందరు కోపించిరి.

మన మేమి చేయవలెను? నవ్వవలసినదే. ఏలినవారిని చూచి నవ్వ వీలులేని దేశమున బ్రదుకు దుర్భరము. అయినను నవ్వు వేరు, లెక్క వేరు. ఆ ప్రభుత్వమే 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము నిచ్చెను. ఆ ప్రభుత్వ కాలముననే, 1986లో, హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకును కుమారులతో సమానమగు హక్కు నిచ్చు చట్టము వచ్చెను. అయితే 1985 సెప్టెంబరునకు ముందే పెండ్లియైన ఆడుబిడ్డలకు ఆ హక్కు దక్కలేదు. దేశమంతటికి అట్టి చట్టము 2005లో గాని రాలేదు. వేషమును చూచి మురిసినవారికిని, వెక్కిరింత చూచి నవ్వినవారికిని ఈ లెక్క తెలియదు. ఈ రెండును బొమ్మలే గదా!

నేడు మరియొక చిక్కు వచ్చిపడినది. పగటివేషగాడు తుదకు చేయి చాచి సంభావన అడుగును. అందువలన వేషమని తెలిసిపోవును. వెక్కిరింత చిత్రమునకు చివర నటుల పేర్లు వచ్చును. చేతిలోని ఫోనులకు వచ్చు దృశ్యములలో కొన్నిటికి అట్టి గుర్తేదియు లేదు. యంత్రములు మనుష్యుని ముఖమును కంఠమును అనుకరించి, అనని మాటలు అనిపించుచున్నవి. వేషము మిగిలినది, నవ్వు పోయినది. ఇంటిల్లిపాదికిని ఆ దృశ్యములు పంపు ముందు “ఇది ఎవరు తీసిరి? ఎప్పటిది? ఎవరికి లాభము?” అని యొక్కసారి అడుగుట ఇల్లాలి విధి కాదా? ఉప్పు కొనునప్పుడు పొట్లము తిప్పి చూచెడి మనము, వోటు వేయునప్పుడు చూడకుండుట తగునా?

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో, వేరుసెనగను నమ్ముకొని బ్రదుకు సీమ యిది. ఎన్నికల పాట లెన్ని వినిపించినను, విత్తనము పడవలసినది పదునైన నేలలోనే. పచ్చని పొలములు చూపు ప్రచారచిత్రమును మనుమరాలు ఫోనులో చూపగా, మా వీథిలోని యొక అవ్వ యిట్లనెను: “బొమ్మలో వాన కురిస్తే మన చేన్లో పదునైతాదేమమ్మా?”

సోదరీమణులారా, వోటు వేయబోవునప్పుడు ఆ అవ్వ ప్రశ్నను కొంగున ముడివేసికొని వెళ్లుడు.