బెల్టు చివరిదాకా లాగి చూడండి

మా మేనల్లుడు కోవెంట్రీలో చదువు పూర్తిచేసి అక్కడే ఉద్యోగంలో చేరాడు. మొదటి ఏడాది జీతంలో మిగిల్చిన డబ్బుతో వాడు కొనాలనుకున్నది సెకండ్ హ్యాండ్ మాజ్డా ఎంఎక్స్-5. రెండే సీట్లు, మడిచి వెనక్కి వేసుకునే టాపు, ఎర్ర రంగు. 2003 మోడల్, అడుగుతున్నది 2,200 పౌండ్లు. "మామయ్యా, నువ్వొక్కసారి వచ్చి చూస్తే చాలు, ఆదివారమే బేరం తేల్చేస్తా" అన్నాడు శుక్రవారం రాత్రి ఫోన్ చేసి. వస్తాను, ముందు కారు నంబర్ పంపమన్నాను.

నేను పద్దెనిమిదేళ్లుగా బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. అక్కడ నాకు బాగా నచ్చిన ప్రభుత్వ సేవ ఏదంటే ఈ నంబర్ సంగతే చెబుతాను. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన దాదాపు ప్రతి కారుకూ ఏటా ఎంఓటీ అనే పరీక్ష చేయించాలి. రవాణా మంత్రిత్వ శాఖ 1960లో దీన్ని మొదలుపెట్టినప్పుడు పదేళ్లు దాటిన బళ్లకే ఉండేది. 1967కల్లా మూడేళ్లకు దించారు. కారుకు ఫీజు 54 పౌండ్ల 85 పెన్నీలకు మించకూడదు. అసలు విశేషం పరీక్ష తర్వాత ఉంది. ఆ ఫలితం ప్రభుత్వ వెబ్‌సైట్‌లోకి ఎక్కుతుంది. నంబర్ కొడితే చాలు, 2005 నుంచి ఆ కారు ఎప్పుడు పాసైంది, ఎప్పుడు ఫెయిలైంది, ఎందుకు, ఆ రోజు మీటరు మీద ఎన్ని మైళ్లు ఉన్నాయి, అన్నీ కనిపిస్తాయి. పైసా ఖర్చు లేదు. యజమాని అనుమతీ అక్కర్లేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆ ఎర్ర కారు జాతకం ముందేసుకుని కూర్చున్నాను. 2013 దాకా చెప్పుకోదగ్గదేమీ లేదు. 2014లో కారు పాసైంది కానీ కింద ఒక సలహా రాశారు: ఎడమవైపు వెనక సిల్‌కు తుప్పు. సిల్ అంటే తలుపు కింద పొడవునా ఉండే రేకు పెట్టె. బండి బలం చాలావరకు దాంట్లోనే ఉంటుంది. టాపు లేని కారుకైతే మరీను. 2015లో మళ్లీ అదే మాట. 2016లో రెండు వైపులా. 2017లో ఫెయిల్. మూడు రోజుల తర్వాత పాస్. మూడు రోజుల్లో ఏం చేసుంటారు? ఒక రేకు ముక్క వేసి వెల్డింగ్ చేయించి ఉంటారు. మూడేళ్లపాటు ఏటేటా చెబుతున్నా పట్టించుకోకుండా, ఫెయిలయ్యాకే షెడ్డుకు తీసుకెళ్లారన్నమాట.

చివరి రెండు పరీక్షలు చూశాక నాకు మరీ అనుమానం వచ్చింది. 2021కీ 2023కీ మధ్య ఆ కారు తిరిగింది 140 మైళ్లు. ప్రకటనలో 'చాలా తక్కువ తిరిగింది' అని గొప్పగా రాశారు. నా లెక్కలో మాత్రం అది రెండు చలికాలాలు ఆరుబయట తడిసిన కారు. 2023 పాస్ కింద ఉన్న సలహా ఏమిటంటే, అడుగుభాగానికి కొత్తగా తారులాంటి పూత వేసినందువల్ల కొన్ని భాగాలు సరిగా కనిపించలేదని. అమ్మకానికి ముందు అడుగున కొత్త పూత పడిందంటే, మన దగ్గర డోరుకు లప్పం పెట్టి పెయింట్ కొట్టినట్టే అనుకోవాలి.

ఆదివారం వెళ్లాం. అమ్మే పెద్దాయన మర్యాదస్తుడు. తమ్ముడు పోతే ఆ కారు తన దగ్గరికి వచ్చిందట. టీ ఇచ్చాడు, కాగితాలన్నీ ఇచ్చాడు, ఏదీ దాచలేదు. దాని సంగతి ఆయనకూ తెలియదు, అంతే. నేను తడి నేల మీద పాత కోటు పరుచుకుని పడుకుని, స్క్రూడ్రైవర్ పిడితో సిల్‌ను ముందు నుంచి వెనక్కి తడుతూ వెళ్లాను. ముందంతా ఠంగ్ ఠంగ్‌మంది. వెనక చక్రానికి జానెడు దూరంలో ఆ ఠంగ్ పోయి, తడి అట్టపెట్టెను తట్టినట్టు డబ్ డబ్‌మంది. బొటనవేలితో నొక్కితే పూత కింద రేకు లోపలికి వంగింది. ఈ మోడల్‌కు టాపు మీద పడిన వాన సీట్ల వెనకున్న రెండు కన్నాల్లోంచి దిగి, వెనక చక్రాల ముందు నేల మీదకు కారిపోవాలి. ఆకులూ మట్టీ చేరి కన్నాలు మూసుకుపోతే ఆ నీళ్లు సిల్‌లోకి చేరతాయి. మేనల్లుడి చేత ఒక గ్లాసుడు నీళ్లు పోయించాను. కింద ఒక్క చుక్క రాలేదు.

కారు కొనకుండా వెనక్కి వస్తుంటే వాడు దారి పొడవునా మాట్లాడలేదు. "పాసైంది కదా మామయ్యా" అని ఒక్కసారి అన్నాడు. పాసైంది, నిజమే. కానీ ఎంఓటీ ఆ ఒక్క రోజు మాటే చెబుతుంది. పరీక్షించేవాడు మూతలు విప్పి చూడకూడదు. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ బాగోగులు అసలు ఆ పరీక్షలోనే లేవు. కారు ఒకసారి ప్రమాదంలో నుజ్జయి ఇన్సూరెన్స్ వాళ్లు వదిలేసుకున్నదైతే ఆ సంగతీ అక్కడ కనిపించదు, దానికి వేరే డబ్బు కట్టి చూసుకోవాలి. అందుకే ఒక్క పాస్ కాగితాన్ని నేను నమ్మను. పదిహేను కాగితాలు వరసగా చదివితే మాత్రం బండిని ఎలా చూసుకున్నారో తెలిసిపోతుంది. మూడు వారాల తర్వాత వాడికి దొరికిన కారు బాగా చూసుకున్నది. ఒక ఏడాది టైరు అరిగిందని రాస్తే మరుసటేడు ఆ మాట లేదు. బ్రేకు పైపుకు తుప్పు అని రాస్తే మరుసటేడు అదీ లేదు. 600 పౌండ్లు ఎక్కువైనా కొనమన్నాను.

ఇదంతా ఇక్కడి పేపర్లో ఎందుకంటే, ఈ సంక్రాంతికి విజయవాడ వచ్చాను. బావమరిది కొడుకు కూడా ఇలాగే టర్బో ఇంజిన్ కారు మీద మోజుపడ్డాడు. తళతళలాడుతోంది, సౌండ్ బాగుంది, రేటు కాస్త తక్కువే. నంబర్ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టాం. ఎన్నో యజమానో తెలిసింది, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో తెలిసింది. అంతే. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మీటరు చెప్పిందే వేదం. సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ పదిహేనేళ్లలో ఫిట్‌నెస్ పరీక్ష లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ చూసేది పొగను మాత్రమే. ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంటే అమ్మేవాడు వరసగా ఐదేళ్లు క్లెయిమ్ చేయలేదని కాస్త ఊహించవచ్చు. అదీ మనిషికి వచ్చే బోనసే కానీ బండికి కాదు.

నేను డ్రైవర్ సీట్లో కూర్చుని బెల్టును మెల్లగా లాగాను. మామూలుగా పెట్టుకునే మేర శుభ్రంగా ఉంది. ఇంకా లాగాను. చుట్ట లోపలినుంచి వచ్చిన చివరి మూరెడు మీద అడ్డంగా, సన్నగా మట్టిరంగు గీత. వేలితో రుద్దితే పొడి రాలింది. సీటు కింద పట్టాల బోల్టులకు తుప్పు. "ఇది హైదరాబాద్ బండి సార్, వరదల్లో లేదు" అన్నాడు అమ్మే కుర్రాడు, నేనేమీ అడగకముందే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదలు చూశాం. ఆ కార్లన్నీ ఎక్కడికి పోయాయి? కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి అమ్మినవి మన మధ్యే తిరుగుతున్నాయి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగును నడిపించే పెట్టె కిందనే, రెండు సీట్ల మధ్య ఉంటుంది. అది మునిగి, లోపల తీగలు చిలుము పట్టాక, గుద్దుకున్న క్షణాన ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందని ఎవరు పూచీ? వేగంగా వెళ్లడానికే కొనే కారు విషయంలో ఇది ప్రాణం మీద మాట.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఎంఓటీ వంటి వ్యవస్థ రేపే రావాలనడం లేదు. పొల్యూషన్ పరీక్షకు బండి ఎలాగూ వస్తుంది, నంబర్ ప్లేటు ఫొటో ఎలాగూ తీస్తారు. ఆ చేత్తోనే మీటరు ఫొటో కూడా తీసి బళ్ల రికార్డులుండే వాహన్‌లోకి ఎక్కించండి. మునిగిందని, నుజ్జయిందని ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కట్టిన ప్రతి బండికీ ఆ సంగతి ఆర్‌సీ వివరాల్లో కనిపించేలా చేయండి. కొనేవాడు నంబర్ కొడితే ఈ రెండూ కనపడాలి. మీటర్లు వెనక్కి తిప్పేవాడికి మరుసటి ఏడాదే అడ్డుకట్ట పడుతుంది.

బావమరిది కొడుకు ఆ కారు వదిలేశాడు. పది రోజులకే అది అమ్ముడుపోయిందని తెలిసింది. కొన్నవాళ్లెవరో అడిగాను, ఏలూరు వైపు వాళ్లట, ఫోన్ నంబర్ ఎవరూ ఇవ్వలేదు. ఈ మధ్య తెల్ల టర్బో కారు కొన్నవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, ఈ పూటే వెళ్లి డ్రైవర్ బెల్టు చివరిదాకా లాగి చూడండి.