తండ్రినాటి యింటిని త్వరపడి యమ్ముట

సంక్రాంతి దినములలో పొందూరు రైలుస్టేషనున దిగువారిని చూచినచో మన ప్రాంతపు కుటుంబముల స్థితి కొంత తెలియును. విశాఖపట్టణమునకును, హైదరాబాదునకును పనులకై పోయినవారు నాలుగు దినముల సెలవుపై వత్తురు. అత్తవారిండ్లనుండి యాడపడుచులును వత్తురు. తండ్రి గతించిన యిండ్లలో ఆ నాలుగు దినములందే ఒక ప్రసంగము పుట్టును: "మనలో నెవ్వరము ఇక్కడ నుండుట లేదు, ఇల్లు పాడుపడుచున్నది, అమ్మివేయుదము." ఈ మాట తప్పని మేము చెప్పము. తాళము వేసిన పెంకుటింటికి రెండు వర్షాకాలములలో దూలములకు చెదలు పట్టును. నేతవారి యిల్లయినచో మగ్గపుగుంటలో నీరు నిలుచును. అమ్ముటను గాక, అమ్ముటలోని తొందరను గూర్చియే మా మాట.

మన తొందరను కొనువాడు మనకంటె ముందుగా గ్రహించును. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు ఏ దినమునకున్నదో యతనికి తెలియును. పండుగ సెలవులలో రిజిస్ట్రారు కచ్చేరి మూసియుండును గదా! కావున కొంత బయానా యిచ్చి, కాగితముపై వ్రాయించుకొని, తాళపుచెవి తీసికొనును. నూరు రూపాయలు మొదలు స్థిరాస్తి విక్రయము రిజిస్టరైన దస్తావేజుచేతనే చెల్లునని 1882 నాటి ఆస్తిబదలాయింపు చట్టము చెప్పుచున్నది. ఇల్లు చేయి దాటును, సొమ్ము పూర్తిగా రాదు, హక్కు ఎటును తేలదు. కొనువాని పేర ముక్త్యారునామా వ్రాసియిచ్చుట కొందఱు సులభమని తలంతురు. అది విక్రయము కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టపఱచినది.

ఇంతకంటె పెద్ద చిక్కు ఆడపడుచుల సంతకము. అన్నదమ్ములు బేరము కుదుర్చుకొని, చివరి దినమున "ఇక్కడ నొక సంతకము పెట్టమ్మా" యని చెల్లెలిని పిలుచుట నేటికిని కలదు. చీర పెట్టి పంపిన చాలునని వారి తలంపు. వీలునామా లేక గతించిన హిందువు స్వార్జితపు టింటిలో భార్యకును, కుమారులకును, కుమార్తెలకును, జీవించియున్నచో తల్లికిని 1956 నాటి వారసత్వ చట్టము సమభాగముల నిచ్చినది. పిత్రార్జితమునందు కుమార్తెకు జన్మతః హక్కును మన రాష్ట్రము 1985 నుండి అవివాహితలకు కల్పించగా, 2005 నాటి సవరణ అందఱకు కల్పించినది. అప్పటికి తండ్రి జీవించియుండవలెనను నియమము లేదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అంతకుముందే పంపకములు ముగిసిన యిండ్ల మాట వేఱు. ఇతర మతస్థుల చట్టములును వేఱు.

"నాకేమియు వలదన్నయ్యా" యని ఆమె నోట పలికిన మాట కచ్చేరిలో చెల్లదు. హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు కావలెను. విడుదల వ్రాయించుకొనుటకు చెల్లెలిని బతిమాలుటకంటె, భాగమిచ్చి అమ్మకపు దస్తావేజులో ఆమెను చేర్చుకొనుట మేలని మా యభిప్రాయము. న్యాయము నదియే, త్వరగా తెమలు మార్గమును నదియే. ఏలయన, ఒక్క వారసురాలి సంతకము లోపించిన యింటికి తెలిసినవాడు నిండువెల యీయడు. అవిభక్త కుటుంబపు నివాసగృహములో ఒక్కని భాగమును కొన్న పరుడు ఆ కుటుంబముతో కలిసి కాపురముండు హక్కు పొందజాలడు. అతడు పంపకము కోరి దావా వేసినచో 1893 నాటి పంపకపు చట్టము ననుసరించి కుటుంబమువారే వెలకట్టి యా భాగమును కొనవచ్చును. ఇది యెఱిగినవాడు వెల తగ్గించియే యడుగును. వారసులలో మైనరు ఉన్నచో అతని భాగమునకు కోర్టు అనుమతి వలయును. ఆ అనుమతి నాలుగు దినములలో రాదు.

కాగితములును ముందుగనే వెదకవలెను. గ్రామకంఠములోని యింటికి పొలమునకున్నట్టి పాసుపుస్తక ముండదు. ఇంటిపన్ను రసీదులు, పాతదస్తావేజు, తండ్రి మరణపత్రము, కుటుంబసభ్యుల పత్రము చేర్చుకొనుడు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకము క్రింద మీ యూర కొలత జరిగినదో లేదో పంచాయతీలో విచారింపుడు. రాలేని సోదరుడు తానున్నచోటి సబురిజిస్ట్రారు ఎదుట తమ్ముని పేరనో, చెల్లెలి పేరనో ముక్త్యారునామా వ్రాసి ధ్రువపఱపించి పంపవచ్చును.

సేద్యపు పెట్టుబడి చాలక ఇంటిని బేరము పెట్టు సభ్యులు కలరు. అట్టివారు ముందుగా సంఘపు పంటఋణమునకు దరఖాస్తు పెట్టవలెనని మా మనవి. ఒక్క పంట గడువు దొరకినను ఇంటి వెలను నిలబెట్టుకొనవచ్చును.

రాబోవు సంక్రాంతికి అమ్మదలచినవారు దసరానాటికే తోబుట్టువులందఱకును ఫోను చేసి, పాతకాగితముల పెట్టెను తెఱిపింపవలెను. ఆ పెట్టె తాళపుచెవి తఱచుగా తల్లి కొంగుననే యుండును. ఇల్లు అమ్మిన పిమ్మట ఆమె యెవరి యింట నుండునో ఆమె నడిగి తేల్చుకొనక బేరగానిని వాకిటిలోనికి పిలువరాదు.