ఏం కావాలో ముందే చెప్పండి

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి పదకొండింటికి మా రూమ్మేట్‌కి వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. గొంతులో ఏడుపు. "ఈ టైంలో హాస్టల్ నుంచి బయటికెళ్లావంట, ఎక్కడున్నావురా?" అని. వాడేమో నా పక్క మంచం మీద కూర్చుని మ్యాగీ తింటున్నాడు. వీడియో కాల్ చేసి మ్యాగీ గిన్నె చూపిస్తే గానీ ఆవిడ నమ్మలేదు. ఆ లోపే మా ఫ్లోర్‌లో ఇంకో నలుగురికి అలాంటి ఫోన్లే వచ్చాయి.

కారణం నేనే.

మా హాస్టల్‌లో ఔట్‌పాస్‌కి ఒక వెబ్ అప్లికేషన్ ఉంది. మనం పాస్ పెడతాం, వార్డెన్ గారు ఓకే చేస్తారు, గేటు దాటగానే ఇంటికి ఎస్సెమ్మెస్ వెళ్తుంది. ఎప్పుడో పాస్ అవుట్ అయిపోయిన సీనియర్లు జెండ్ ఫ్రేమ్‌వర్క్ 2 మీద రాశారు దాన్ని. ఆ వెర్షన్ 2012లో వచ్చింది. 2016లో జెండ్ 3 వచ్చింది. తర్వాత ప్రాజెక్టు మొత్తం లినక్స్ ఫౌండేషన్ కిందికి వెళ్లి, 2020 నుంచి లామినాస్ అనే పేరుతో నడుస్తోంది. సర్వర్‌లో పీహెచ్‌పీ మార్చాల్సి రావడంతో, అప్లికేషన్‌ని లామినాస్‌కి మార్చే పని మా ముగ్గురి మీద పడింది.

మొదటి రోజే ఎర్రర్ల వర్షం. దాదాపు అన్నిటిదీ ఒకటే మాట: గెట్‌సర్వీస్‌లొకేటర్ అనే మెథడ్ లేదు.

ఇదేంటో తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఏ అప్లికేషన్‌లో అయినా అందరూ వాడుకునే వస్తువులు కొన్ని ఉంటాయి. డేటాబేస్ కనెక్షన్, లాగిన్ అయింది ఎవరో గుర్తుపెట్టుకునే సర్వీసు, ఎస్సెమ్మెస్ పంపే సర్వీసు. ఇవన్నీ సర్వీస్ మేనేజర్ దగ్గర ఉంటాయి. మొదటిసారి అడిగితే తయారు చేసి ఇస్తుంది, మళ్లీ ఎవరు అడిగినా మామూలుగా అదే ఆబ్జెక్టు ఇస్తుంది. అందుకే షేర్డ్ సర్వీసులు అంటారు. జెండ్ 2లో ఏ కంట్రోలర్ అయినా, ఏ ఫంక్షన్ మధ్యలో అయినా గెట్‌సర్వీస్‌లొకేటర్ అని పిలిచి కావాల్సింది తీసేసుకోవచ్చు. ఫలానా ఇంటర్‌ఫేస్ పెట్టుకుంటే మేనేజర్ తయారుచేసే వేరే క్లాసులు కూడా అలాగే తీసుకోవచ్చు. జెండ్ 3లో ఈ దారి మూసేశారు. నీకు ఏ సర్వీసులు కావాలో కన్‌స్ట్రక్టర్‌లో రాయి, వాటిని తెచ్చిచ్చే పని ఫ్యాక్టరీ చూసుకుంటుంది అన్నారు.

మా కోడ్‌లో ఆ పిలుపు అరవైకి పైగా చోట్ల ఉంది. అరవై చోట్లా ఎవడు మారుస్తాడు? నాకో "బ్రహ్మాండమైన" ఐడియా వచ్చింది. అన్ని కంట్రోలర్లకీ ఒక పేరెంట్ క్లాస్ పెట్టి, దానికి కంటైనర్ మొత్తాన్ని ఇచ్చేసి, గెట్‌సర్వీస్‌లొకేటర్ అనే మెథడ్‌ని నేనే మళ్లీ రాసేశా. హెల్పర్ క్లాసులకీ అదే మందు. ఒక్క సాయంత్రంలో ఎర్రర్లన్నీ మాయం. సరిగ్గా నడుస్తోందా లేదా చూద్దామని గేట్ ఎంట్రీ కంట్రోలర్‌ని మా ఫ్లోర్ వాళ్ల పాత పాస్‌లతో నడిపా.

నడపడానికి ముందు ఆ కంట్రోలర్‌ని పైనుంచి కింది దాకా చదివాను. ఒట్టు. ఎస్సెమ్మెస్ అనే మాటే లేదందులో. అది ఒక హెల్పర్‌ని పిలుస్తుంది, ఆ హెల్పర్ ఇంకో హెల్పర్‌ని పిలుస్తుంది, అక్కడ ఓ ఇఫ్ లోపల ఎస్సెమ్మెస్ సర్వీసుని తీసుకుని పంపేస్తుంది. నా షార్ట్‌కట్ పుణ్యమా అని ఆ లైన్ చక్కగా పనిచేసింది.

ఆ రాత్రి తర్వాత నా అభిప్రాయం మారింది. ఫ్రేమ్‌వర్క్ వాళ్లు ఆ సౌకర్యం తీసేసి మంచి పని చేశారు. మైగ్రేషన్‌లో వచ్చిన ఆ అరవై ఎర్రర్లు మనకి పెట్టిన కొత్త కష్టాలు కాదు. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో ఇన్నేళ్లూ చెప్పకుండా దాచిన లిస్టు అది. దాన్ని చదవకుండా నేను నోరు మూయించాను.

అమ్మ కిరాణా కొట్టుకి పంపేటప్పుడు చీటీ రాసిస్తుంది కదా. ఆ చీటీ చూస్తే ఇంట్లో ఏం వండబోతున్నారో కొట్టాయనకి కూడా అర్థమైపోతుంది. కన్‌స్ట్రక్టర్ అలాంటి చీటీ. తర్వాత మేం పద్ధతి ప్రకారం మార్చినప్పుడు, ఆ గేట్ కంట్రోలర్ చీటీలో తొమ్మిది సర్వీసులు తేలాయి. ఒక్క క్లాస్‌కి తొమ్మిది! కోడ్ చదివినప్పుడు కనిపించని విషయం చీటీ చూడగానే కనిపించింది. ఎస్సెమ్మెస్ పనిని విడదీశాం. టెస్ట్ చేసేటప్పుడు అసలు సర్వీసు బదులు, మెసేజ్‌ని ఫైల్‌లో రాసి ఊరుకునే డమ్మీ సర్వీసు ఇస్తున్నాం. ఇప్పుడు ఎన్నిసార్లు నడిపినా ఏ అమ్మకీ నిద్ర చెడదు.

అవతలి వాళ్ల వాదన కూడా వినాలి. ప్రతి కంట్రోలర్‌కీ ఒక ఫ్యాక్టరీ రాయడం చాకిరీ అంటారు. నిజమే, కానీ ఫ్యాక్టరీని తయారుచేసి ఇచ్చే కమాండ్ ఉంది. కన్‌స్ట్రక్టర్‌ని చదివి తనే సర్వీసులు తెచ్చిపెట్టే రెడీమేడ్ ఫ్యాక్టరీ కూడా ఉంది. వాడని సర్వీసులు కూడా ముందే తయారవుతాయి కదా అంటారు. అలా బరువైన వాటికి లేజీ సర్వీసులున్నాయి, నిజంగా పిలిచినప్పుడే అవి తయారవుతాయి.

గట్టి వాదన మార్టిన్ ఫౌలర్‌ది. 2004లో రాసిన వ్యాసంలో ఆయన సర్వీస్ లొకేటర్‌ని తిట్టలేదు. రెండు పద్ధతుల్లో ఏది అనే దానికన్నా, సర్వీసుని వాడే చోటునీ దాన్ని కాన్ఫిగర్ చేసే చోటునీ విడిగా ఉంచడమే ముఖ్యం అన్నారు. ఒకే టీమ్ ఏళ్ల తరబడి చూసుకునే అప్లికేషన్‌కి అది సరిపోవచ్చు. కానీ మన సంగతి వేరు. కాలేజీ కోడ్ రాసినవాళ్లు నాలుగేళ్లలో వెళ్లిపోతారు. చదివేవాడు ఎప్పుడూ కొత్తవాడే. అడగడానికి మనిషి ఉండడు కాబట్టి కోడే చెప్పాలి. పీహెచ్‌పీ కంటైనర్లకి ఉమ్మడి నియమంగా 2017లో వచ్చిన పీఎస్ఆర్ 11 కూడా, కంటైనర్‌ని ఆబ్జెక్టు చేతికిచ్చి నీకు కావాల్సింది నువ్వే తీసుకో అనొద్దనే చెబుతుంది.

ఈ దారిలో వెళ్లేవాళ్లకి రెండు జాగ్రత్తలు. జెండ్ 2లో కంట్రోలర్ ఫ్యాక్టరీకి వచ్చేది కంట్రోలర్ల మేనేజర్. దాన్నుంచి అసలు మేనేజర్‌కి ఇంకో మెట్టు ఎక్కాలి. జెండ్ 3 నుంచి అసలు కంటైనరే నేరుగా వస్తుంది కాబట్టి ఆ మెట్టు తీసేయాలి. రెండోది, తొందరలో ఫ్యాక్టరీలో న్యూ అని రాసి సర్వీసుని సొంతంగా తయారు చేయకండి. అప్పుడు అది షేర్డ్ కాదు, రెండో కాపీ. మా వాడొకడు లాగిన్ సర్వీసుని అలా చేస్తే, మెనూలో పేరు కనబడుతోంది, పేజీ మాత్రం లాగిన్ అవ్వమంటోంది. సగం రోజు పోయింది.

మొత్తం మార్చడానికి మాకు మూడు వారాలు పట్టింది. నా షార్ట్‌కట్‌కి పట్టింది ఒక్క సాయంత్రం. ఆ తేడా ఎందుకో మా రూమ్మేట్ వాళ్లమ్మగారిని అడిగితే నాకన్నా బాగా చెప్తారు. మీరు కూడా జూనియర్లకి ప్రాజెక్టు అప్పజెప్పే ముందు ఒక్కసారి మీ కంట్రోలర్ తెరిచి చూడండి. పైనున్న పది లైన్లు చదివి, ఇది ఎవరెవరిని పిలుస్తుందో వాళ్లు చెప్పగలరా? చెప్పలేకపోతే పని ఇంకా పూర్తి కానట్టే.